మనసుకు హాయి! ఎవరి మనసుకు?

‘ఆదివారం ఖాళీయే, మనసుకు హాయిగా ఉండే సినిమా ఒకటి చెప్పు!’ సినిమాల మీద రాసేవాణ్ణి చూడగానే చుట్టాలు అడిగే మొదటి మాట ఇది. నేను డాక్టర్నయితే తలనొప్పికి బిళ్ళ అడుగుదురు. బిళ్ళ ఎవరికైనా ఒకటే. సినిమా అలా కాదే!

మొన్న వేసవిలో మా పిన్ని పోయింది. బాబాయి ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. పొద్దస్తమానం కుర్చీలో కూర్చుని గోడకేసి చూస్తున్నాడని మా తమ్ముడి బెంగ. ‘అన్నయ్యా, “మిథునం” పెడదామా? హాయిగా ఉంటుందటగా!’ అని ఫోను చేశాడు.

వద్దన్నాను. మంచి సినిమా కాక కాదు. శ్రీరమణ కథని 2012లో తనికెళ్ళ భరణి తీశారు. తెర మీద ఉండేది ఇద్దరే: బాలసుబ్రహ్మణ్యం, లక్ష్మి. వాళ్ళ పెరడు, తిండి, అలకలు చూస్తుంటే ఎవరికైనా నోరూరుతుంది. చూడనివారు మన్నించాలి, ముగింపు చెప్పక తప్పదు. ముందు పోయేది భర్త. తను ముందు పోతే ఆయన్ని చూసేదెవరని ఆ ఇల్లాలి బెంగ. అందుకే ఆ దుఃఖంలోనే ఆవిడకో ఊరట. భార్య పోయి మూడు నెలలైనా కాని మనిషికి ఇది చూపిస్తామా, మీరే చెప్పండి!

‘ఇంటిల్లిపాదీ చూడదగ్గ చిత్రం’ అని ప్రకటనలు వేస్తారు. సరే, ఏ ఇంట్లో? ఈ ఏడాది ఆ ఇంట్లో ఏం జరిగిందో ప్రకటన రాసేవాడికేం తెలుసు?

‘మిస్సమ్మ’ పెట్టమన్నాను. 1955 నాటి చిత్రం, దర్శకుడు ఎల్.వి.ప్రసాద్. మొగుడూపెళ్ళాలకే ఉద్యోగమంటే, ఏమీ కాని ఇద్దరు అవునని బొంకి పంతులూ పంతులమ్మా అయి కూచుంటారు. ఆ బొంకు ఎప్పుడు బయటపడుతుందోనన్నదే మన కంగారంతా. బాకీ పేరు చెప్పి పెళ్ళాడమని వెంటపడే రమణారెడ్డి కూడా భయపెట్టడు, నవ్విస్తాడు. పైగా అందులో తప్పిపోయిన పిల్ల దొరుకుతుంది.

బాబాయి సగం చూసి కుర్చీలోనే నిద్రపోయాడట! తమ్ముడు చిన్నబుచ్చుకున్నాడు గానీ నాకు సంతోషమే వేసింది. ఆ మనిషికి సరిగ్గా కన్నంటుకుని ఎన్నాళ్ళైందో!

సినిమా మూడు గంటల్లో అయిపోతుంది. మిగిలిన రోజు మాటేమిటి? పుస్తకమో పత్రికో కావాలి. ఎవరో మిత్రుడు తోటపని పత్రిక తెచ్చిచ్చాడట. రంగురంగుల బొమ్మలు, చక్కటి కాగితం. బాబాయి ఉండేది మూడో అంతస్తులో, తులసికోటకే చోటు లేదు! ఆబిడ్స్ పేవ్‌మెంటు మీద ఆదివారం పాత పుస్తకాల్లో వెతికితే కెమెరాల పత్రికలు, కార్ల పత్రికలు బోలెడు. అవి చూసి నిట్టూర్చడం తప్ప చేసేదేముంది?

అడుగున డెబ్బైల నాటి ‘చందమామ’లు రెండు దొరికాయి. ‘మిస్సమ్మ’ తీసిన నాగిరెడ్డి-చక్రపాణి గారలే 1947 జూలైలో పెట్టిన పత్రిక అది. అందులో ఫోటో వ్యాఖ్యల పోటీ గుర్తుందా? రెండు ఫోటోలు వేసేవారు. నాలుగు మాటల్లో జంటగా కుదిరే వ్యాఖ్యలు కార్డు మీద రాసి పంపాలి. పాత సంచికలో ఆ పేజీ ఇంకా మన కోసం ఎదురుచూస్తున్నట్టే ఉంటుంది. గడువు దాటి యాభై ఏళ్ళైతేనేం!

మొన్న వెళ్ళేసరికి బాబాయి చెవి మీద పెన్సిలు! బుట్ట నిండా కిక్కిరిసిన కుక్కపిల్లల కింద ‘సీట్లు లేవు!’ అని రాసుంది. పక్క ఫోటోలో పెద్ద మంచం మీద ఒంటరిగా ఒక పిల్లాడు. దాని కింద ‘సీటు ఖాళీ’ అని రాసి, కొట్టేసి, మళ్ళీ అదే రాశాడు.

‘ఒరేయ్, ఇంకేమైనా దొరుకుతాయేమో చూడు. ఈ రెండూ అయిపోయాయి’ అన్నాడు.

ఆ ఆబిడ్స్ కుర్రాడితో చెప్పి ఉంచాను. నాలుగు తెస్తానన్నాడు. అట్ట లేకపోయినా ఫర్వాలేదు గానీ, ఫోటోల పేజీ చిరిగినవి మాత్రం వద్దన్నాను.