లోడు తప్పితే బండికే ఎసరు!

* అరకు మన్యంలో సొంత బండి డ్రైవర్ల బతుకు లెక్క
* కిరాయి కంటే మరమ్మతు, తిరుగు లోడే కీలకం
* తెలియని మూట ఎక్కిస్తే వాహనం జప్తు

అరకులోయ: మన్యంలో సొంత బండి నడుపుకొనే వ్యక్తే యజమాని, డ్రైవరు, క్లీనరు, గుమాస్తా. ఏ సరకు ఎక్కించుకోవాలో, దేనికి ‘వద్దు’ చెప్పాలో తేల్చుకోవలసిందీ అతడే. పైకి కనిపించేది కిరాయి ఒక్కటే. బ్రేకు లైనింగుల అరుగుదల, నెలవారీ వాయిదా, ఖాళీగా తిరిగొచ్చే దూరం, మూటలో ఏముందన్న పూచీ అన్నీ ఆ కిరాయిలోనే సర్దుకోవాలి. అందుకే ఇక్కడ ఎక్కించుకున్న లోడు కంటే వదులుకున్న లోడే ఒక్కోసారి బండిని కాపాడుతోంది.

దిగుడులోనే అసలు పరీక్ష

అరకులోయ సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. ఇక్కడి అల్లం, పసుపు, కాఫీ, కూరగాయలు విశాఖ చేరాలంటే అనంతగిరి ఘాట్‌ దిగి శృంగవరపుకోట మీదుగా సాగిపోవాలి. కొత్తవలస - కిరండూల్‌ రైలు మార్గం ఈ కొండల మీదుగానే వెళుతున్నా అది ప్రధానంగా ఇనుప ఖనిజం కోసం వేసిన దారి. సంతలో కొన్న సరకుకు లారీ, వ్యానులే దిక్కు.

బండి నిండు బరువుతో దిగేది కొండ పైనుంచే. మలుపు మలుపునా బ్రేకు తొక్కితే డ్రమ్ములు వేడెక్కి పట్టు సడలుతుంది. అందుకే ‘ఎక్కిన గేరులోనే దిగాలి’ అన్నది ఘాట్‌ డ్రైవర్ల తొలి పాఠం. 2021 ఫిబ్రవరిలో డముకు వద్ద పర్యాటకుల బస్సు లోయలో పడి నలుగురు మరణించిన ఘటన ఈ దారి ప్రమాదాన్ని చాటింది.

టైరు మార్చడం, ఫ్యాన్‌ బెల్టు వేయడం, రేడియేటరు గొట్టం బిగించడం వంటి పనులు రోడ్డు పక్కనే అయిపోతాయి. గేరుబాక్సు, ఇంజను పని పడితే గాజువాక ఆటోనగర్‌ దాకా పోవాల్సిందే. అప్పుడు విడిభాగాల ఖర్చు ఒకటైతే, బండి ఆగిన రోజుల కిరాయి నష్టం మరొకటి. వాయిదా మాత్రం ఆగదు. దీంతో అనుభవజ్ఞులు పెద్ద మరమ్మతులను వానల్లో, లోడ్లు తగ్గినప్పుడు చేయించుకుంటారు. కాఫీ పండ్ల కోత ముమ్మరమయ్యే డిసెంబరు నాటికి బండి సిద్ధంగా ఉండాలన్నది వారి లెక్క.

తిరుగు లోడు లేకుంటే..

అరకు నుంచి విశాఖకు సుమారు 115 కిలోమీటర్లు. పోనురాను 230. ఉదాహరణకు లీటరుకు 10 కిలోమీటర్లు వచ్చే వ్యానుకు 23 లీటర్ల డీజిలు కావాలి. తిరుగు లోడు లేకుంటే ఈ ఖర్చంతా ఒకవైపు కిరాయి మీదే పడుతుంది. సిమెంటు, ఇనుము, కిరాణా సరకు పైకి తీసుకొచ్చే బేరం ముందే కుదుర్చుకున్నవాడికే నాలుగు రూపాయలు మిగులుతాయి. తిరుగు లోడు కోసం నగరంలో రెండు రోజులు కాచుకుంటే ఆ మిగులూ కరిగిపోతుంది.

ఈ ఒత్తిడిలోనే ‘ఇంకో పది బస్తాలు వేయి’ అన్న వర్తకుడి మాటకు కొందరు తలొగ్గుతారు. 2018లో కేంద్రం రెండు ఇరుసుల లారీ మొత్తం బరువు పరిమితిని 16.2 టన్నుల నుంచి 18.5 టన్నులకు పెంచింది. కాగితంపై పెరిగిన పరిమితి పాత బండి బ్రేకులకు బలమివ్వదు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం అధిక లోడుకు రూ.20 వేలు, ఆపై అదనపు టన్నుకు రూ.2 వేల చొప్పున జరిమానా ఉంది. ఆ పది బస్తాల కిరాయి దీని ముందు ఏపాటి?

మూటలో ఏముంది?

అన్నింటినీ మించిన ముప్పు గంజాయి. కూరగాయల బుట్టల కింద, పసుపు బస్తాల నడుమ దాచి తరలించే ముఠాలు మన్యంలో కొత్త కాదు. 2021లో పోలీసులు ‘ఆపరేషన్‌ పరివర్తన’ పేరిట వేల ఎకరాల తోటలు ధ్వంసం చేశారు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కింద 20 కిలోలకు మించి గంజాయి దొరికితే కనీస శిక్ష పదేళ్ల కఠిన కారాగారం. వాహనాన్నీ జప్తు చేయవచ్చు. తనకు తెలియకుండానే జరిగిందని, తగిన జాగ్రత్తలన్నీ తీసుకున్నానని నిరూపించుకోవాల్సిన భారం యజమానిదే. బండిని తానే నడిపేవాడు ‘నాకు తెలియదు’ అంటే నమ్మించడం ఇంకా కష్టం.

ఈ చట్టం కింద పట్టుబడిన వాహనాన్ని విచారణ ముగిసేలోపు యజమానికి తాత్కాలికంగా అప్పగించడానికి అడ్డంకి లేదని 2025 జనవరిలో అస్సాం లారీ యజమాని కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఇది ఊరటే. అయితే కోర్టు మెట్లెక్కే స్తోమత ఒక్క బండి మీద బతికే కుటుంబానికి ఎక్కడిది? ఏజెన్సీలో భూమి గిరిజనేతరులకు బదిలీ కాకుండా 1/70 చట్టం కాపాడుతోంది. అదే కారణంగా భూమిని చూపి పెద్ద అప్పు పుట్టడం కష్టం. బండే పూచీ, బండే ఆస్తి. అది స్టేషను ఆవరణలో తుప్పు పడితే కుటుంబం రోడ్డున పడుతుంది.

ఏం చేయాలి?

లోడు వేసే ముందే మూటలు విప్పి చూడటం, పంపేవారి పేరు, చిరునామా, తూకం రాసిన చీటీపై సంతకం తీసుకోవడం డ్రైవర్ల చేతిలోని పనే. ఆ చీటీయే రేపు కోర్టులో జాగ్రత్తకు సాక్ష్యం. సంతల వద్ద తూకం యంత్రం, సరకు నమోదు ఏర్పాటు చేస్తే వర్తకుల ఒత్తిడి కొంతైనా తగ్గుతుంది. బండి కొనడానికి ముందుకొచ్చే అప్పు ఇంజను పనికి రావడం లేదు. ముద్ర వంటి పథకాల కింద మరమ్మతులకూ రుణమిచ్చే దిశగా బ్యాంకులు ఆలోచించాలి. అంతవరకు, అనుమానపు లోడుకు కిరాయి ఎంత పలికినా ‘వద్దు’ అనడమే సొంత బండి డ్రైవరుకు మిగిలిన బీమా.