లేపాక్షి వెళ్తున్నారా? ఈసారి మీరూ చూడండి!

"ఏమోయ్, రెండ్రోజులు ఎటైనా వెళ్లొద్దామా?" అని శ్రీవారు అన్న మరుక్షణం నుంచే మన పని మొదలవుతుంది కదూ! పులిహోరకు ఎన్ని గ్లాసుల బియ్యం పొయ్యాలి, అత్తగారి మోకాళ్ల నూనె ఎక్కడ పెట్టాం, పాలవాడికి ఎవరు చెప్పాలి... ఇవన్నీ అయ్యేసరికి ఊరు వెళ్లకుండానే ఒళ్లు హూనం!

మొదటిసారి మేం లేపాక్షి వెళ్లినప్పుడు నేను చూసిందేమిటో తెలుసా? చెప్పులు! ఇంటిల్లిపాది చెప్పులకూ, మూడు సంచులకూ కాపలాగా, ఒళ్లో నిద్రపోతున్న చిన్నవాడితో గోడ నీడన కూర్చున్నాను. అందరూ తిరిగొచ్చి "అబ్బ, ఎంత బాగుందో!" అన్నారు. ఎండ ముదిరిపోతోందని వెంటనే బండెక్కేశాం. ఇంటికొచ్చాక పక్కింటి పిన్నిగారు "వేలాడే స్తంభం కింద కొంగు దూర్చావా అమ్మాయ్?" అని అడిగితే, లేదని చెప్పడానికి మొహం చెల్లక "ఆఁ, దూర్చానండీ" అనేశాను. ఆ చిన్న అబద్ధం చాలాకాలం ముల్లులా గుచ్చుతూనే ఉండేది.

రెండోసారి మాత్రం ముందే జాగ్రత్తపడ్డాను. ఆ జాగ్రత్తలే ఈవారం మీకోసం.

ఎలా వెళ్లాలి?

లేపాక్షి 2022 దాకా అనంతపురం జిల్లాలో ఉండేది. ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లా. రైల్లో వెళ్లేవాళ్లు బెంగళూరు, గుంతకల్లు మార్గంలో హిందూపురం స్టేషన్లో దిగాలి. అక్కడి నుంచి సుమారు 15 కిలోమీటర్లు. బస్సులూ ఆటోలూ దొరుకుతాయి. హైదరాబాదు, బెంగళూరు రహదారి మీద సొంత బండిలో వచ్చేవాళ్లు కొడికొండ చెక్‌పోస్టు దగ్గర మలుపు తిరగాలి.

బెంగళూరు అక్కడికి సుమారు 120 కిలోమీటర్లే. అందుకని ఆదివారాలూ సెలవురోజులూ జనం ఎక్కువ. వీలైతే మామూలు రోజు చూసుకోండి. శివరాత్రికి దేవుడి ఉత్సవం చూడాలనుకుంటే వెళ్లండి గానీ, బొమ్మలు నిదానంగా చూడాలంటే ఆ రోజులు వద్దు.

కాళ్లు జాగ్రత్త!

గుడి కూర్మశైలం అనే రాతిగుట్ట మీద ఉంది. తాబేలు వీపులా ఉంటుందని ఆ పేరు. లోపల నేలంతా బండే. ఎండాకాలం పదకొండు దాటిందంటే అట్లపెనం మీద నడిచినట్టే! కార్తీకం నుంచి మాఘం దాకా హాయిగా ఉంటుంది. ఎప్పుడు వెళ్లినా ఉదయం ఎనిమిదికల్లా గుడి దగ్గరుండేలా బయల్దేరండి. అందరికీ ఒక జత మందపాటి నూలు మేజోళ్లు పెట్టుకోండి. అత్తగారికి తేలికపాటి మడతస్టూలు ఒకటి తీసుకెళ్తే ఎక్కడపడితే అక్కడ కూర్చోవచ్చు. మీరు ఆవిణ్ణి పట్టుకుని నీడ వెతుక్కోనక్కర్లేదు.

వంట తక్కువ, తెలివి ఎక్కువ

పులిహోరకు పులుసు ముందురోజే ఉడికించి పెట్టుకోండి. పొద్దున్నే అన్నం వార్చి కలపడమే. పెరుగన్నం పులిసిపోకుండా ఉండాలంటే, గ్లాసు బియ్యం మెత్తగా వండి మెదిపి, గోరువెచ్చగా ఉన్నప్పుడు మూడు గ్లాసుల కాచిన పాలు పోసి, రెండు చెంచాల పెరుగు మాత్రమే కలపండి. మధ్యాహ్నానికి అదే తోడుకుని కమ్మగా ఉంటుంది.

టిఫిను మాత్రం ఇంట్లో చేసి మోసుకెళ్లకండి. బొరుగులతో చేసే ఉగ్గాని, పక్కన వేడివేడి మిరపకాయ బజ్జీ అనంతపురం సీమలో బాగా ప్రసిద్ధి. ఒక్కపూట మనకూ ఎవరో ఒకరు వడ్డించనివ్వండి!

ఎవరి సంచి వాళ్లదే

అసలు కిటుకు ఇదీ. ఇంటి దగ్గరే మనిషికో చిన్న సంచి ఇచ్చేయండి. ఎవరి నీళ్ల సీసా, ఎవరి తువ్వాలు, ఎవరి చెప్పులు వాళ్ల సంచిలోనే. మా ఆయన మొదట మొహం చిట్లించారు గానీ, గుడి దగ్గర "నా చెప్పులేవి?" అన్న కేక ఒక్కటీ వినబడలేదు.

రెండోది, "లోపలికి వెళ్లాక ఒక అరగంట నాది, అప్పుడు పిల్లల్ని మీరు చూసుకోవాలి" అని బయల్దేరేముందే చెప్పేయండి. అక్కడికెళ్లాక అడిగితే ఎవరికీ వీలుండదు. ముందే చెబితే కాదనలేరు.

మీ అరగంటలో ఏం చూస్తారు?

ముందు తలెత్తి మండపాల పైకప్పు చూడండి. నిలబడితే మెడ పట్టేస్తుంది, కూర్చుని చూడండి. 16వ శతాబ్దంలో, అచ్యుతదేవరాయల కాలంలో విరూపణ్ణ, వీరణ్ణ అనే అన్నదమ్ములు కట్టించిన గుడి ఇది. ఆ పైకప్పు మీద పార్వతి పెళ్లి ఉంది, దేవతలున్నారు. వాళ్లతోపాటు మనలాంటి ఆడవాళ్లు బారులు తీరి నిలబడ్డారు! ఆ చీరల గళ్లూ, చారలూ, అంచులూ, ఆ కొప్పులూ చూస్తే కళ్లు తిప్పుకోలేం. మనం బట్టల కొట్లో అడిగే లేపాక్షి డిజైన్లకు పుట్టిల్లు ఇదే. చిన్న నోటుపుస్తకం, పెన్సిలు వెంట ఉంచుకోండి. ఒక అంచు గీసుకొచ్చినా కుట్టుపనికో, ముగ్గుకో పనికొస్తుంది. గోడల్ని చేత్తో తాకకండి, ఫోటోకి ఫ్లాష్ వెయ్యకండి. చేతి జిడ్డుకూ ఆ వెలుగుకూ పాత రంగులు పాడైపోతాయి.

ఇక వేలాడే స్తంభం. సుమారు డెబ్భై స్తంభాల్లో అదొక్కటి నేలకు పూర్తిగా ఆనదు. కింద నుంచి పల్చటి గుడ్డ ఇటునుంచి అటు లాగవచ్చు. పట్టుచీర కొంగు మాత్రం దూర్చకండి, దారాలు లేచిపోతాయి. చేతిరుమాలు చాలు.

ఆ తర్వాత ఏడు పడగల నాగలింగం దగ్గరికి వెళ్లండి. వాళ్లమ్మ వంట చేసేలోపు శిల్పులు ఖాళీగా ఉండలేక ఆ బండను నాగలింగంగా చెక్కేశారనీ, భోజనానికి పిలవడానికొచ్చిన ఆ తల్లి చూసి నివ్వెరపోయిందనీ కథ చెబుతారు. ఆవిడ అంతమందికి ఏం వండిందో, ఎంతసేపు పొయ్యి దగ్గర ఉందో మాత్రం ఎవ్వరూ చెప్పరు! అసంపూర్తిగా ఆగిపోయిన కల్యాణ మండపం దగ్గర్లో బండమీద పళ్లేల్లా తొలిచిన గుంటలున్నాయి. శిల్పులు భోంచేసిన కంచాలని కొందరూ, రంగులు కలుపుకున్నవని కొందరూ అంటారు. కంచాలైతే వడ్డించింది ఆవిడేనేమో అనుకున్నాను.

పిల్లలు విసిగిస్తుంటే గుడికి కాస్త దూరంలో ఉన్న నందీశ్వరుడి దగ్గరికి తీసుకెళ్లండి. ఒకే రాయితో చెక్కిన నంది, 15 అడుగుల ఎత్తు, 27 అడుగుల పొడవు. మెడలో హారాలూ గంటలూ లెక్కపెట్టమంటే పావుగంట గొడవుండదు.

ఇంకో మాట. ఫోన్లోనే డబ్బు కట్టే అలవాటున్నా చిల్లర నోట్లు కొన్ని ఉంచుకోండి. ఆటోకీ, కొబ్బరికాయకీ సిగ్నలు కోసం నిలబడే పనుండదు.

చివరగా...

రెండోసారి వెళ్లొచ్చాక పిన్నిగారింటికి ప్రసాదం పట్టుకెళ్లి, మొదటిసారి చెప్పింది అబద్ధమని ఒప్పేసుకున్నాను. ఆవిడ నవ్వి, "నేనూ దూర్చలేదే అమ్మాయ్! మూడుసార్లు వెళ్లాను, మూడుసార్లూ సామాన్ల దగ్గరే. ఎలా ఉంటుందో నువ్వు చెబుతావని అడిగాను" అన్నారు. నాకు నోట మాట రాలేదు.

వచ్చే కార్తీకంలో ఆవిణ్ణి వెంటబెట్టుకుని వెళ్తున్నాను. సంచుల దగ్గర మా ఆయనే కూర్చుంటానన్నారు! మీ ఇంట్లోనూ ఓసారి అడిగి చూడండి. ముందుగా మీ అత్తగారిని, అమ్మగారిని అడగండి. ఏ ఊళ్లో ఏం చూడకుండా తిరిగొచ్చారో!