చిరుతను పిలుస్తున్నది మన చెత్తే
హైదరాబాద్ మీదుగా సాగే 163వ నంబరు జాతీయ రహదారి భోపాల్‌పట్నం దాకా పోతుంది. అక్కడ ఇంద్రావతి ఒడ్డున 1983లో ప్రకటించిన పులుల అభయారణ్యం ఉంది. ఎండాకాలం రాగానే ఆ అడవుల్లో మనుషులు ఏరుకునే ఇప్పపువ్వు కోసమే ఎలుగుబంట్లూ వస్తాయి. దాడులు జరుగుతాయి, ప్రాణాలూ పోతాయి. అయినా ఆ చెట్టు ఇద్దరిదీ అన్న ఎరుక అక్కడివాళ్లకుంది. ఆ ఎరుక మన నగర శివార్లకే లేదు. 2020 మేలో కాటేదాన్ దగ్గర నడిరోడ్డు మీద చిరుత కనిపించింది. 2024లో మరొకటి శంషాబాద్ ఎయిర్‌పోర్టు ఆవరణలోకి చొరబడి, చివరికి బోనులో పడింది. ప్రతిసారీ మనం అడిగేది ఒక్కటే: పట్టుకెళ్లి నల్లమలలో వదలండి. అది పోతే ఆ జాగాలోకి ఇంకోటి రాదా? చికెన్ దుకాణాల వ్యర్థాలను సంచుల్లో కట్టి రాత్రిపూట చెరువు కట్ట మీద పడేస్తున్నాం. ఈకలు, పేగులు, తలకాయలు. వాటి మీద వీధికుక్కలు బలుస్తాయి, ఆ కుక్కల కోసం చిరుత వస్తుంది. భోపాల్‌పట్నం పోయే ఆ రహదారిలోనే తాడ్వాయి అడవి దాటేటప్పుడు కారు ఆపి కోతులకు అరటిపండ్లు విసిరేవాళ్లను చూస్తే నాకు కడుపు మండుతుంది. అలా రోడ్డు పక్కకు అలవాటుపడిన కోతులు టైర్ల కింద నలుగుతాయి, మిగిలినవి ఇళ్ల మీద పడతాయి. బోన్లు కొనే ముందు మాంసం వ్యర్థాలను ఏ రోజువి ఆ రోజే ఎత్తించాలి. కొత్త లేఅవుట్‌కు అనుమతి ఇచ్చే ముందు వాగు వెంట జంతువులకు దారి వదిలారో లేదో అధికారులు స్వయంగా నడిచి చూడాలి.