అలంకారానికి ముందు శబ్దవృత్తి

సాహిత్య విద్యార్థిని ఉపమ అంటే ఏమిటని అడగండి. ఉపమేయం, ఉపమానం, సమానధర్మం, ఉపమావాచకం అని నాలుగు అంగాలనూ తడుముకోకుండా చెబుతాడు. ఒకటి లోపిస్తే లుప్తోపమ అని కూడా అంటాడు. సంతోషమే. కానీ పదం తన అర్థాన్ని విడిచి వేరొక అర్థాన్ని ఎప్పుడు, ఎందుకు బోధిస్తుందంటే మౌనమే సమాధానం. ఈ తలక్రిందుల బోధనాక్రమం నాకు సమ్మతం కాదు.

అభిధ, లక్షణ, వ్యంజన అనే శబ్దవృత్తులు అలంకారాలకు పూర్వమే నేర్వవలసినవి. "గంగలో గొల్లపల్లె" అనే శాస్త్రప్రసిద్ధమైన ఉదాహరణ ఉంది. ప్రవాహంలో పల్లె ఉండదు గనుక ముఖ్యార్థానికి బాధ కలిగింది. తత్సంబంధి అయిన తీరాన్ని గ్రహిస్తాం. ఇది లక్షణ. మరి గంగాతీరమనే సూటిగా అనవచ్చు కదా? అలా అంటే ఆ పల్లెయందలి శైత్యపావనత్వాలు స్ఫురించవు. వాటిని స్ఫురింపజేసేది వ్యంజన. తొమ్మిదవ శతాబ్దిలో కాశ్మీర దేశీయుడైన ఆనందవర్ధనుడు ఈ వ్యంజన ఆధారంగానే ధ్వనిని కావ్యాత్మగా ప్రతిష్ఠించాడు.

ఇది కావ్యాలకే పరిమితమైన విషయం కాదు. వేదం యూపస్తంభాన్ని ఆదిత్యుడంటుంది. కొందరు విని నవ్వుతారు. మరికొందరు, వీరు మనవారే, అందులో భౌతికశాస్త్ర రహస్యమేదో దాగి ఉన్నదని ఉపన్యసిస్తారు. రెండవవారి వల్లనే హాని అధికమని నా అభిప్రాయం. నేయి పూసిన యూపం సూర్యునివలె మెరుస్తుంది గనుక సారూప్యం చేత చేసిన స్తుతి ఇది, గుణవాదమని మీమాంసకులు ఏనాడో నిర్ణయించారు.

తత్త్వమసి మహావాక్యం సంగతీ ఇంతే. "ఆ దేవదత్తుడే ఇతడు" అన్నప్పుడు దేశకాల విశేషాలను విడిచి వ్యక్తిని మాత్రం గ్రహించినట్లు, సర్వజ్ఞత్వ కించిజ్జ్ఞత్వాలను విడిచి చైతన్యమాత్రాన్ని గ్రహించాలని అద్వైతులు జహదజహల్లక్షణను ఆశ్రయించారు. రామానుజీయులు అక్కడ లక్షణనే అంగీకరించరు; ముఖ్యవృత్తిలోనే సామానాధికరణ్యాన్ని సమర్థిస్తారు. లక్షణ అంటే తెలియని విద్యార్థికి ఈ వాదంలో ప్రవేశమెక్కడిది?

మన మల్లినాథసూరి వ్యాఖ్యానాలను చూడండి. పదాల అన్వయం, వ్యాకరణ కోశ ప్రమాణాలు తేల్చిన తరువాతనే సాధారణంగా అలంకారాన్ని పేర్కొంటాడు. పాఠం కూడా అదే క్రమంలో సాగాలి. ఉదాహరణలకు కొరత లేదు. "వీధి వీధంతా పెళ్లికి వెళ్లింది" అని ఇంట్లో అమ్మమ్మ అంటుంది. వీధి ఎలా నడిచి వెళ్లిందని మొదటి రోజు పిల్లవాణ్ణి అడిగితే చాలు. ఉపమాలక్షణం మరుసటి నెలలో చెప్పుకోవచ్చు.