ఎర్రగుంట్ల పల్లెల్లో మెష్ వైఫై.. పెట్టె మీద 300, చేతికొచ్చేది ఎంత?

ఫైబర్ ఊళ్లోకి వచ్చింది సరే, చివరి వీధి సంగతేంటి? ఏపీ ఫైబర్‌నెట్‌ను 2017 డిసెంబర్‌లో అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. నెలకు 149 రూపాయలకే నెట్, టీవీ, ఫోన్ అన్నారు. కేబుల్‌ను కరెంటు స్తంభాల మీదుగా లాగారు కాబట్టి ఖర్చు తగ్గింది. కానీ స్తంభం నుంచి ప్రతి మిద్దెకూ తీగ లాగడం వేరే లెక్క. అక్కడే మెష్ వైఫై మాట వస్తోంది. ఒక పెట్టె నుంచి ఇంకో పెట్టెకు, అక్కడి నుంచి మరోదానికి సిగ్నల్ చేతులు మారుతూ పోతుంది. తీగ అక్కర్లేదు.

వినడానికి బాగుంది. మెలిక డ్రైవర్‌లో ఉంది.

డ్రైవర్ అంటే రేడియో చిప్‌కు, సాఫ్ట్‌వేర్‌కు మధ్య మాట నడిపే ప్రోగ్రామ్. లైనక్స్‌లోకి మెష్ 2008లోనే వచ్చింది. 802.11ఎన్ ప్రమాణం 2009లో ఖరారైంది. దాని వేగాన్నే హై త్రూపుట్, పొట్టిగా హెచ్‌టీ అంటారు. అయితే మెష్ పద్ధతిలో హెచ్‌టీ వాడే ఏర్పాటు లైనక్స్‌లోకి 2011-12 ప్రాంతంలో గానీ రాలేదు. అంతవరకు చిప్‌కు సత్తా ఉన్నా మెష్‌లో పెడితే పాత 54 మెగాబిట్ల దగ్గరే ఆగేది. ఇప్పటికీ డ్రైవర్ సహకరించకపోతే అదే కథ.

లెక్క చూద్దాం. 54 అని రాసినా చేతికొచ్చేది సుమారు 22. ఒకే రేడియో ఉన్న పెట్టె విన్న చానల్లోనే మళ్లీ చెప్పాలి. అందుకే రెండో గెంతుకు సగం, అంటే 11. మూడో గెంతుకు 7. నాలుగిళ్లవాళ్లు వీడియో పాఠాలు పెడితే అంతే సంగతులు! హెచ్‌టీ ఉంటే చిన్న ప్యాకెట్లను మూట కట్టి ఒకేసారి పంపుతుంది, రెండు యాంటెన్నాలనూ వాడుకుంటుంది. మొదటి లింకులో 80 వచ్చిందనుకున్నా మూడో గెంతుకు 26 పైనే మిగులుతుంది.

ఇంకో తంటా ఉంది. రెండు పెట్టెలూ చానల్ వెడల్పు మీద ఒక మాటకు రావాలి. దారి మధ్యలో ఒక్క పాత పెట్టె ఉన్నా దాని మీదుగా పోయే అందరి వేగమూ పడిపోతుంది.

ఎర్రగుంట్ల దగ్గర నేల తీరు కూడా చూడాలి. నాపరాయి గోడలు సిగ్నల్‌ను మింగేస్తాయి, పెట్టె మిద్దె మీదికి ఎక్కించాల్సిందే. మే నెల ఎండకు అక్కడ అది కాగిపోతుంది కూడా. నీడ కట్టాలి.

దూరాలకు మెష్ వద్దు. పశ్చిమగోదావరిలో బైర్రాజు ఫౌండేషన్ 'అశ్విని' పేరుతో టవర్ల మీద వైఫైతో పల్లెలకు వీడియో పాఠాలు, వైద్య సలహాలు అందించింది. అది ఎదురెదురు యాంటెన్నాల పని. ఊరి నుంచి ఊరికి అలా, వీధిలో మెష్ ఇలా అయితేనే నడుస్తుంది.

కాబట్టి పంచాయతీ అయినా, కేబుల్ ఆపరేటర్ అయినా డబ్బు కట్టేముందు రెండు పెట్టెల్ని మెష్‌లో కలిపి లింకు రేటు చూపించమని అడగాలి. రేటు పక్కన ఎంసీఎస్ అని అంకె కనబడితే హెచ్‌టీ నడుస్తున్నట్టు. 54 దాటకపోతే ఆ సరుకు వెనక్కి పంపేయొచ్చు.