చప్పుడు చెయ్యకుండా వెళ్లినంత మాత్రాన

మా మినీ ప్రాజెక్టు రిపోర్టు మొదటి పేజీలో ఒక వాక్యం ఉంది. "ఈ బోర్డు పూర్తి నిశ్శబ్దంగా నడుస్తుంది కనుక నీటిపక్షులకు, జలచరాలకు ఎటువంటి ఇబ్బందీ కలగదు." రాసింది నేనే. వైవాలో ఎక్స్‌టర్నల్ గారు ఆ వాక్యం దగ్గర ఆగి, తలూపి, పేజీ తిప్పేశారు. మార్కులు బాగానే వచ్చాయి. ఆ వాక్యం తప్పు అని చెప్పడానికే ఇప్పుడు ఇది రాస్తున్నాను. ఇచ్చిన మార్కులు వెనక్కి తీసుకోరనే ధైర్యం ఒకటి ఉందిలెండి.

ముందు మేం చేసిన వస్తువేంటో చెప్తాను. పాడిల్‌బోర్డు మీరు రీల్స్‌లో చూసే ఉంటారు. నీళ్ల మీద నిలబడి తెడ్డు వేసుకుంటూ పోయే వెడల్పాటి పలక. మాది గాలి కొట్టి ఉబ్బించే రకం, పదిన్నర అడుగులు, సెకండ్‌హ్యాండ్. దాని అడుగున చేప రెక్కలా ఉండే ఫిన్ తీసేసి, ఆ స్థానంలో నీళ్లలో పనిచేసే చిన్న బీఎల్‌డీసీ మోటారు బిగించాం. 24 వోల్టులు, 12 ఆంపియర్ అవర్ల లిథియం బ్యాటరీ. అంటే 288 వాట్ అవర్లు. సగం థ్రాటిల్‌లో వంద వాట్ల దాకా లాగుతుంది కాబట్టి రెండున్నర గంటలు నిక్షేపంగా తిరగొచ్చని లెక్క. హాస్టల్ వెనక చెరువులో నాలుగు ఆదివారాలు నడిపాం. గేదెలు కూడా తలెత్తి చూడలేదు. నిశ్శబ్దం గురించి నేను రాసిన వాక్యానికి ఆధారం, నిజం చెప్పాలంటే, ఆ గేదెలే.

సంక్రాంతి సెలవుల్లో మా రూమ్మేట్ వాళ్ల ఊరెళ్లాం. తడ దగ్గర, పులికాట్ ఒడ్డున. నాది ఖమ్మం వైపు. ఉప్పునీళ్లంటే నాకు వైజాగ్ బీచ్‌లో దిగిన రెండు ఫొటోలు, అంతే. పులికాట్‌ని చూసి మొదట సముద్రం అనుకున్నాను, తర్వాత చెరువనుకున్నాను. రెండూ కాదు. సముద్రానికీ నేలకీ మధ్య చిక్కుకున్న నీళ్లు అవి. తూర్పున పొడుగ్గా శ్రీహరికోట దీవి అడ్డంగా పడుకుని ఉంటుంది. దానికి అవతల బంగాళాఖాతం, ఇవతల ఈ సరస్సు. అరణి, కాళంగి, స్వర్ణముఖి నదుల మంచినీళ్లు ఒకవైపు నుంచీ, ఇసుక మేటల మధ్య ఉన్న ముఖద్వారాల గుండా సముద్రపు నీళ్లు ఇంకోవైపు నుంచీ వచ్చి ఇందులో కలుస్తాయి. మన దేశంలో ఇలాంటి ఉప్పుటేరు సరస్సుల్లో చిలికా తర్వాత ఇదే పెద్దది. ఎక్కువ భాగం మనది (2022కి ముందు నెల్లూరు జిల్లా, ఇప్పుడు తిరుపతి జిల్లా), మిగతాది తమిళనాడుది. ఇంత పెద్ద సరస్సుకి లోతెంతో తెలుసా? చాలాచోట్ల నడుము లోతు. కొన్నిచోట్ల మోకాలు. ఈ మోకాలు లోతు సంగతి గుర్తుపెట్టుకోండి.

పొద్దున్నే ఆరున్నరకి బోర్డు నీళ్లలో పెట్టాం. లైఫ్ జాకెట్ వేసుకుని నేనొక్కణ్ణే ఎక్కాను. రూమ్మేట్ ఒడ్డు మీద నుంచి ఒకటే మాట చెప్పాడు. "మావా, ఇరకం దీవికి పడవలు పోయే దారి ఉంది చూడు, దాంట్లోనే పో. పక్కకి తిప్పొద్దు."

సరేనన్నాను.

ఆ మొదటి ఇరవై నిమిషాల గురించి అబద్ధం చెప్పను. అంత బాగున్న పొద్దు నాకు కాలేజీలో చేరాక ఇంకోటి లేదు. గాలి లేదు. నీళ్లు పళ్లెంలో పోసినట్టున్నాయి. బోర్డు ముందుకి పోతోందని కాళ్ల కింద నీళ్లు జరగడం చూస్తేనే తెలుస్తోంది. ఎక్కడో ఊళ్లో పంప్ వేసిన చప్పుడు, గుళ్లో మైకు, ఒక పీత బురదలోకి దూరిన జాడ. తెడ్డు కూడా ఎత్తక్కర్లేదు, చేతిలో రిమోట్. మనం తయారుచేసిన వస్తువు మీద మనమే నిలబడి అలా వెళ్తుంటే వచ్చే గర్వం ఉంది చూశారూ, అది కొంచెం ప్రమాదకరమైనది.

మధ్యలో సరదాకి బోర్డు మీద బోర్లా పడుకుని ఒక చెవి నీళ్లలో పెట్టాను. అప్పుడు వినపడింది. సన్నగా, తీగలాగినట్టు, మిక్సీ దూరంగా తిరుగుతున్నట్టు కీచుమని. మా మోటారే. థ్రాటిల్ పెంచితే కీచు పెరిగింది, తగ్గిస్తే తగ్గింది. తల బయటికి తీస్తే నిశ్శబ్దం, లోపల పెడితే గోల. ఫస్టియర్ ఫిజిక్స్ ఇది. నీళ్లలో పుట్టిన ధ్వని నీటి ఉపరితలానికి తగిలి దాదాపు అంతా వెనక్కే పోతుంది, గాల్లోకి వచ్చేది వెయ్యి వంతుల్లో ఒక వంతు. నీళ్లలోపల మాత్రం గాల్లో కంటే నాలుగు రెట్ల వేగంతో, సెకనుకి 1500 మీటర్ల చొప్పున పరిగెడుతుంది. ఈ లెక్కలు మనందరం పరీక్షల్లో రాశాం. రాసిన చేత్తోనే నేను "జలచరాలకు ఎటువంటి ఇబ్బందీ కలగదు" అని కూడా రాశాను. నిశ్శబ్దం ఎవరి చెవికి అన్న ప్రశ్న నాకు తట్టలేదు, ఎక్స్‌టర్నల్ గారికీ తట్టలేదు.

ఇదంతా ఆలోచిస్తూ లేచి నిలబడేసరికి ఉత్తరం వైపు నీళ్ల మీద లేత గులాబీ రంగు గీత ఒకటి కనపడింది. ఫ్లెమింగోలు. సూళ్లూరుపేటలో వీటి పేరు మీదే పండగ చేస్తారు. వంద ఉంటాయో మూడొందలు ఉంటాయో, లెక్కపెట్టలేదు. పడవల దారి అటు లేదు. రూమ్మేట్ మాట గుర్తుంది. అయినా తిప్పాను. ఎందుకంటే నా వాదన నా దగ్గర సిద్ధంగా ఉంది కదా: చప్పుడు లేదు, పొగ లేదు, డీజిల్ మరక లేదు, ఇంకేంటి ఇబ్బంది?

దూరంగా ఉన్నప్పుడు అవన్నీ తలలు కిందకి వేసుకుని ఉన్నాయి. ముక్కు తలకిందులుగా నీళ్లలో పెట్టి, కాళ్లతో బురద కెలుకుతూ, నీళ్లని వడపోసుకుని తింటాయి. నేను ఇంకాస్త దగ్గరకి వెళ్లాక ముందు ఒకటి మెడ ఎత్తింది. తర్వాత పది. తర్వాత అన్నీ. తినడం ఆగిపోయింది. అందరూ ఒకే వైపుకి నడవడం మొదలుపెట్టాయి, మీటింగు అయిపోయినట్టు. నేను థ్రాటిల్ తగ్గించాను, ఆపలేదు. ఇంకో నిమిషానికి పరుగు. ఫ్లెమింగో మన కాకిలా ఉన్నచోటు నుంచే లేవలేదు, నీళ్ల మీద పరిగెత్తి పరిగెత్తి లేవాలి. ఒక్కసారిగా ఎరుపూ నలుపూ రెక్కలు. చూడ్డానికి అద్భుతంగా ఉంది. ఫోన్ తీశాను కూడా. వీడియో బాగా వచ్చింది. ఆ వీడియో ఇప్పటిదాకా ఎక్కడా పెట్టలేదు.

అదే సమయంలో, అవి లేవకముందు, ఇంకోటి చూశాను. వాటికి అవతలి పక్కనుంచి ఒక ముసలాయన గెడ వేసుకుంటూ పడవలో పోతున్నాడు. నాకంటే దగ్గరగానే ఉన్నాడనిపించింది. అటు ఒక్క మెడ కూడా లేవలేదు. ఆయన రోజూ పోయే దారిలో పోతున్నాడు. నేను సూటిగా వాటి మీదకి వస్తున్నాను, నిటారుగా నిలబడి, ఎప్పుడూ చూడని ఆకారంతో. చప్పుడు ఒక్కటే కొలవడం మాకు తెలుసు, పక్షికి కళ్లుంటాయన్నది మా స్పెసిఫికేషన్‌లో లేదు. మన దేశంలో ఇవి గుడ్లు పెట్టి పిల్లల్ని చేసేది గుజరాత్‌లో, కచ్ రణ్‌లో. పులికాట్‌కి వచ్చేది మేతకి. తినడానికి కూర్చున్నవాణ్ణి విస్తరి ముందు నుంచి లేపాను, అంతే నేను చేసింది.

వెనక్కి తిప్పుకుని వస్తుంటే బోర్డు టక్కున ఆగింది. నేను నీళ్లలో పడ్డాను. నడుము లోతే, భయం లేదు. మోటారుకి వల చుట్టుకుంది. గుంజలు పాతి కట్టిన వల. బెండ్లు తేలుతూనే ఉన్నాయి, నేనే చూసుకోలేదు, రెక్కలు చూస్తున్నాను కదా. విప్పబోయి ఇంకాస్త చింపాను.

ఇందాకటి గెడ పడవ ముసలాయన వచ్చాడు. రూమ్మేట్‌కి వరసకి పెదనాయన అవుతాడని తర్వాత తెలిసింది. తిట్టలేదు. "ఏందబ్బయా ఇట్టా చేశావు" అన్నాడు. మోటారు చుట్టూ ఉన్న దారం చాకుతో ఓపిగ్గా కోస్తూ ఇంకో మాటన్నాడు. "ఇంజను పడవైతే ఆ మూల్నించే ఇనపడతాది, అరిచి చెప్తాం, వల ఉందిరా నాయనా అని. నువ్వేమో పిల్లి మాదిరి వచ్చి పడ్డావు. ఎట్టా తెలిసేది?"

వల ఆయనది కాదు. ఆ రోజు ఆ తావు ఇంకొకరిదట. ఎవరెప్పుడు ఎక్కడ వల కట్టాలో వాళ్లలో వాళ్లకి ఒక మాట ఉంటుందట. సరస్సు దక్షిణాన తమిళనాడు వైపు ఊళ్లలో దీన్ని "పాడు" అంటారు, చీట్లు వేసి వంతులు పంచుకునే పాత పద్ధతి. (పాడు అన్న మాటకి మనకి వేరే అర్థం కూడా ఉంది, నేను చేసింది అది.) నాకు ఖాళీగా, ఎవరిదీ కాకుండా కనపడిన ఆ నీళ్లలో ప్రతి గజానికీ ఆ రోజుకి ఒక మనిషి ఉన్నాడు.

ఇప్పుడు నా అభిప్రాయం. మా టీంలో మిగతా ముగ్గురూ ఈ బోర్డుని ఇంక్యుబేషన్ సెల్‌లో పెడదాం అంటున్నారు. "సైలెంట్ ఎకో టూరిజం", పులికాట్‌లో గంటకి ఇంత అని అద్దెకి. స్లైడ్లు కూడా అయిపోయాయి. దాంట్లోంచి నా పేరు తీసెయ్యమన్నాను. రెండు వారాలుగా మెస్‌లో మా టేబుల్ దగ్గర మాటలు తక్కువయ్యాయి, అందుకే నోటితో చెప్పలేనిది ఇక్కడ రాస్తున్నాను.

ఎలక్ట్రిక్ వద్దని నేననడం లేదు. డీజిల్ ఇంజను కంటే ఇది మంచిదే, నీళ్లలో నూనె పడదు. కానీ ఇంజనుకి రెండు అవలక్షణాలున్నాయి, అవే ఇన్నాళ్లూ ఈ సరస్సుని కొంత కాపాడాయి. ఒకటి దాని చప్పుడు, అది ముందే కబురు పంపేది. రెండు దాని బరువు, అది లోతు దారి వదిలి మోకాలు లోతులోకి రాలేదు. పక్షులు మేసేది ఆ మోకాలు లోతులోనే. మనం తెలివిగా రెండు అవలక్షణాలూ తీసేశాం. జానెడు లోతుంటే చాలు, మా బోర్డు ఎక్కడికైనా పోతుంది, ఎవరికీ తెలియకుండా పోతుంది. ఇంజను మోసిన హద్దు ఇప్పుడు నడిపేవాడి బుద్ధి మోయాలి. ఆ పొద్దు నా బుద్ధి ఎంత మోసిందో చెప్పాను కదా. అద్దె కట్టి గంటలో ఫొటో దిగాలనుకునేవాడిది ఇంకెంత మోస్తుంది?

మా టీం లీడర్ వాదన ఒకటుంది. "పక్కనే శ్రీహరికోటలో రాకెట్లు లేస్తుంటే రాని ఇబ్బంది మన వంద వాట్లతో వస్తుందా?" నవ్వొచ్చే మాటే కానీ జవాబు చెప్పాలి. రాకెట్ లేచే ముందు ఫలానా రోజు ఫలానా చోటికి పోవద్దని జాలర్లకి కబురు వస్తుంది. మేం ఎవరికీ చెప్పలేదు. ఊళ్లో అడగలేదు, పక్షుల అభయారణ్యం కదా, అటవీ శాఖ వాళ్ల అనుమతి కావాలేమో అని కూడా ఆలోచించలేదు. మోటారు చిన్నదైతే అడగక్కర్లేదు అనుకున్నాం.

ఇంకో వాదన బరువైనది. టూరిస్టులు వస్తే ఆ ఊరివాళ్లకే నాలుగు డబ్బులు కదా అని. ముఖద్వారాలు ఇసుకతో పూడుకుపోతున్నాయి, ఎండాకాలం వస్తే నీళ్లు వెనక్కి పోయి నేల తేలుతుంది, చేప తగ్గింది అని వాళ్లే చెప్తారు. కాబట్టి దీన్ని నేను తోసిపుచ్చలేను. కానీ మా స్లైడ్లలో వాళ్ల పేరు "లోకల్ స్టేక్‌హోల్డర్స్" అని ఒక చిన్న పెట్టెలో ఉంది, అంతే. ఆ పెట్టెలో ఉన్నవాళ్లని మేం కలిసింది వల చింపాకే.

చిరిగిన వలకి డబ్బు కట్టాం. టీం ఫండ్ నుంచి కాదు, నా జేబులోంచి. వల యజమాని తీసుకోవడానికి మొహమాటపడ్డాడు, పెదనాయన తీసుకోమన్నాడు. ఆ సాయంత్రం బోర్డుని ఆయన ఇంటి ముందు ఆరబెట్టుకుంటుంటే వచ్చి మోటారుని చేత్తో తిప్పి చూశాడు. "దీన్ని నా పడవకి బిగిస్తే లాగతాదా?" అన్నాడు. మధ్యాహ్నం సముద్రం గాలి మళ్లాక ఎదురుగాలికి గెడ వెయ్యాలంటే భుజాలు పోతున్నాయట. పడవ బరువెంత, సరుకెంత, వలలు తగలకుండా మోటారు చుట్టూ జాలీ పెట్టొచ్చా, బురద నీళ్లలో ఎంత వేడెక్కుతుంది... సెమిస్టరంతా మాలో ఎవరికీ రాని ప్రశ్నలు అరగంటలో వచ్చాయి. చప్పుడు లేకపోవడం గురించి మాత్రం ఆయనకి పెద్ద పట్టింపు లేదు. గెడకి చప్పుడెక్కడుంది?

"ఒక గంట కట్టుకుంటా లే, ఆవు మెడలో కట్టినట్టు," అన్నాడు.

జాలీ డ్రాయింగు నా దగ్గర ఉంది. వచ్చే సెమిస్టర్ ఎవరైనా చేరతామంటే చెప్పండి.