ఓర్వకల్లు దారిలో తూకపురాళ్ళు

తూకపు యంత్రాలను సరిచూడడం మా వృత్తి. కిరాణా దుకాణంలోని చిన్న కాటా మొదలుకొని నిండు లారీని ఎక్కించి తూచే వేబ్రిడ్జి వరకు అన్నీ మా చేతి మీదుగా పోతుంటాయి. విమానాశ్రయం నుండి పిలుపు రావడం మాత్రం అరుదు. 2022లో ఒకసారి వచ్చింది. కర్నూలు సమీపంలోని ఓర్వకల్లు విమానాశ్రయంలో ప్రయాణికుల సామాను తూచే కాటాలను పరీక్షించి రావాలి. విమానాశ్రయానికే అయినా మేము వెళ్ళవలసినది రోడ్డు మీదనే. మా పనికి తూకపురాళ్ళు కావాలి. ఒక్కొక్కటి 20 కిలోల పోత ఇనుము. అటువంటివి ఎనిమిదింటిని జీపు వెనుక సర్దుకున్నాము. 160 కిలోల ఇనుముతో విమానం ఎక్కబోతే కౌంటరులోని అమ్మాయి ఏమంటుందో చదువరులే ఊహించుకోగలరు.

హైదరాబాదు నుండి తెల్లవారకముందే బయలుదేరాము. శంషాబాద్ దాటుతున్నప్పుడు ఎడమవైపు పెద్ద విమానాశ్రయపు దీపాలు కనిపిస్తూనే ఉన్నాయి. దానిని వెనుక విడిచి, మరొక విమానాశ్రయం కోసం 200 కిలోమీటర్లకు పైగా దక్షిణానికి పోవడం మాకే వింతగా తోచింది. షాద్‌నగర్ దాటిన తరువాత ఫజ్ర్ నమాజుకు ఆగాము. ఆ తరువాత జడ్చర్ల, కొత్తకోట, పెబ్బేరు వరుసగా గడిచిపోయాయి. బీచుపల్లి వద్ద కృష్ణానదిని, కర్నూలు ముంగిట తుంగభద్రను దాటాము.

ఆ దారిలో మా దృష్టిని పట్టి నిలిపినవి ఎదురుగా వచ్చే కార్లు. పైన తాళ్ళతో బిగించిన సూట్‌కేసులు, లోపల ఇరుక్కుని కూర్చున్న నలుగురైదుగురు. ఎవరో ఒకరు పరదేశం వెళ్తున్నారన్నమాట. కర్నూలు, కడప ప్రాంతాల నుండి కువైట్‌కో సౌదీకో వెళ్ళేవారికి శంషాబాద్ దారి ఇలాంటి రాత్రి ప్రయాణమే. ఒక్కడు వెళ్తుంటే ఇల్లంతా కదులుతుంది. తిరుగు ప్రయాణంలో ఆ కారులో ఒక చోటు ఖాళీగా ఉంటుంది.

కర్నూలు నుండి నంద్యాల రోడ్డులో సుమారు 20 కిలోమీటర్లు వెళ్తే ఓర్వకల్లు. చుట్టూ బండరాళ్ళు, మెట్టభూములు. ఆ రాతి నేల నడుమ 2000 మీటర్ల రన్‌వే. 2021 మార్చి 25న దీనిని ప్రారంభించారు; అదే నెల 28న విమానాలు మొదలయ్యాయి. 1847లో కోయిలకుంట్లలో ఆంగ్లేయులు ఉరితీసిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు దీనికి పెట్టారు. మేము వెళ్ళిననాటికి ఇక్కడికి వస్తున్నది ఏటీఆర్ అనే రెక్కల పంకాల విమానం. అందులో 78 మంది కూర్చోవచ్చు. అదైనా అప్పట్లో వారంలో అన్ని రోజులూ వచ్చేది కాదు.

ఇటువంటి చిన్న విమానాశ్రయాలకు ఊపిరి పోసినది 2016లో ప్రకటించిన ఉడాన్ పథకం. సుమారు గంట ప్రయాణానికి కొన్ని సీట్ల ధరను మొదట 2500 రూపాయల వద్ద కట్టడి చేసి, సంస్థకు కలిగే లోటును కొంతకాలం ప్రభుత్వమే భరించే ఏర్పాటు అది. ఆ గడువు మూడేళ్ళు. తరువాత విమానం తన కాళ్ళ మీద తాను నిలవాలి. మా అభిప్రాయంలో చిక్కంతా ఇక్కడే ఉన్నది. రన్‌వే వేయడం కన్నా, వచ్చే విమానాన్ని ఏటికేడాది రప్పించుకోవడం కష్టమైన పని. నమ్మకంగా రాని బస్సును నమ్ముకుని ఎవరు బయలుదేరుతారు?

కౌంటరు తెరవకముందే మా పని ముగించాలి. తాత్కాలిక అనుమతి చీటీ తీసుకుని, రాళ్ళను ఒక్కొక్కటిగా భద్రతా తనిఖీ దాటించి లోపలికి చేర్చేసరికే చెమటలు పట్టాయి. కాటా పరీక్ష చూసేవారికి చాలా సాదాగా ఉంటుంది. ముందు నీటిబుడగ చూసి పీట సమంగా ఉన్నదో లేదో గమనించాలి. ఖాళీ పీట మీద సున్నా నిలకడగా ఉండాలి. తరువాత ఒక రాయి, రెండు రాళ్ళు, ఇలా పెంచుకుంటూ పోయి, అదే వరుసలో దించుకుంటూ రావాలి. ఎక్కేటప్పుడు చూపిన అంకెనే దిగేటప్పుడూ చూపాలి. ఆ పైన అసలు పరీక్ష: అదే రాయిని పీట నాలుగు మూలలా మార్చి మార్చి పెట్టడం. మోసపు కాటా గాని జబ్బుపడిన కాటా గాని మధ్యలో నిజం చెప్పి మూలల్లో అబద్ధమాడుతుంది. ప్రయాణికుడు తన సంచిని కొలబద్ద పెట్టి మధ్యలో ఉంచడు కదా! 100 గ్రాముల మెట్లతో చూపే ఇటువంటి యంత్రానికి ముద్ర వేసేటప్పుడు 50 కిలోల వరకు అనుమతించే తేడా 50 గ్రాములే. ముద్ర వేసే అధికారం తూనికలు కొలతల శాఖది. దానికి ముందు సరిచూసి పెట్టడం వరకే మా పని. ఓర్వకల్లులోని కాటాలు అన్ని మూలల్లోనూ ఒకటే మాట చెప్పాయి.

సామాను తూకం డబ్బు వసూలు కోసమే అనుకుంటారు చాలామంది. విమానం లేవకముందు దాని మొత్తం బరువెంతో, ఆ బరువు ముందు వైపు ఎంత వెనుక వైపు ఎంత ఉన్నదో లెక్క కట్టి కాగితం మీద పెట్టాలి. మనుషులను సాధారణంగా తూచరు, సగటు వేసుకుంటారు. సామానును మాత్రం తూచిన బరువే రాస్తారు. ఏటీఆర్ వంటి చిన్న విమానంలో జనం తక్కువగా ఉన్ననాడు ముందు వరుసల వారిని వెనుకకు వెళ్ళి కూర్చోమని కోరడం కూడా ఈ లెక్క కోసమే. అందువల్ల ఆ కాటా ప్రయాణికుడి జేబుకే గాక విమానానికీ జవాబుదారి.

మేము రాళ్ళు సర్దుకుంటుండగా కౌంటరు తెరిచారు. రెండవ ప్రయాణికుడు ఇరవై రెండేళ్ళ కుర్రవాడు. బెంగుళూరు వెళ్ళి, అక్కడ కువైట్ విమానం ఎక్కాలి. సంచి పెట్టగానే అంకె 17 దగ్గర నిలిచింది. అనుమతి 15.

“ఇంట్లో తూచుకునే వచ్చామక్కా, సరిగ్గా పదిహేను ఉన్నది” అన్నాడతడు. కౌంటరులోని అమ్మాయి మా వైపు చూసింది. కుర్రవాడూ చూశాడు. “ఇప్పుడే పరీక్షించాము బాబూ, కాటా సరిగానే ఉన్నది” అనక తప్పలేదు. ఆ మాట అతనికి ఎంత చేదుగా తగిలిందో ముఖంలోనే తెలిసింది.

అతని కువైట్ టికెట్టు మీద 30 కిలోల వరకు తీసుకుపోవచ్చు. కాని రెండు టికెట్లూ వేర్వేరుగా కొన్నారు. అలా కొన్నప్పుడు ఏ విమానం నియమం ఆ విమానానిదే. పరదేశపు టికెట్టు ఉన్నా ఇతని దేశీయ విమానం తన 15 కిలోలకే కట్టుబడింది. మొత్తం ప్రయాణమంతా ఒకే టికెట్టుగా తీసుకుంటే సాధారణంగా పెద్ద ప్రయాణపు పరిమితే మొదటి నుండి వర్తిస్తుంది. పిల్లలను పంపే ఇళ్ళవారు టికెట్టు కొనేముందే ఏజెంటును ఈ ఒక్క ప్రశ్న అడగాలి. ఇతని ఇంటివారికి ఆ సంగతి తెలుసు. తెలిసే పదిహేనుకు సర్దారు. అదనపు కిలోకు వందల రూపాయలు కట్టే స్థితి లేదు. నేల మీద కూర్చుని సంచి విప్పాడు. అచార్ సీసా, నిప్పట్ల డబ్బా, చెనిక్కాయల పొడి పొట్లం బయటకు వచ్చాయి. టికెట్టు లేనివారికి లోపలికి ప్రవేశం లేదు గనుక తల్లి అద్దాల అవతలే నిలబడి ఉన్నది. అవన్నీ ద్వారం వద్ద భద్రతా సిబ్బంది ద్వారా ఆమె చేతికి చేరాయి. సంచి 15కు దిగింది.

మేము బయటికి వచ్చి జీపులో రాళ్ళు ఎక్కిస్తుండగా ఆమె వచ్చింది. చేతిలో ఆ డబ్బాలతో పాటు కొక్కెం ఉన్న స్ప్రింగు కాటా కూడా ఉన్నది.

“భాయ్, మీరు కాటాలు చూసేవారట కదా. ఇది రాత్రి మూడుసార్లు చూశాను. మూడుసార్లూ పదిహేనే చూపింది.”

తీసుకుని చూశాము. ఖాళీగా వేలాడుతున్నప్పుడే ముల్లు సున్నాకు రెండు గీతలు వెనుక నిలిచి ఉన్నది. బరువు తగిలించి చూడడమే గాని, ఖాళీ కాటాను ఎవరు చూస్తారు! మా 20 కిలోల రాయిని కొక్కేనికి తగిలించాము. ముల్లు 18 వద్ద ఆగింది.

“ఆపా, ఇది మీదేనా?”

“కాదు భాయ్. మా వీధికి పాత పేపర్లు, పాత సామాను కొనడానికి వచ్చే ఆయనది. ఒక్క రాత్రికని అడిగి తెచ్చుకున్నాను.”

మేము ఏమీ అనలేదు. ఆమె ఆ ముల్లు వైపు, రాయి వైపు కొంతసేపు చూసింది.

“అంటే భాయ్, ఇన్నేళ్ళుగా మేము ఆయనకు వేసిన పేపర్లు?”

“వేసిన ప్రతిసారీ రెండు కిలోలు, ఆపా.”

ఆమె అచార్ సీసాను కొంగులో చుట్టి, కాటాను సంచిలో పెట్టుకుని, కర్నూలు వెళ్ళే బస్సు కోసం రోడ్డు వైపు నడిచింది.